ఫోర్జ్‌డ్ ఐరన్లకు మారి మూడేళ్ళు: మిజునో ప్రో 223 వాడాక

ముందే చెప్పేస్తున్నా, నేను గొప్ప గోల్ఫ్ ఆటగాణ్ణేమీ కాదు. ఈ ఐరన్లు (లోహపు తల ఉన్న క్లబ్బులు) కొన్నప్పుడు నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట) 14, మధ్యలో 16 దాకా పోయి ఏడిపించింది, ఇప్పుడు 12కి అటూఇటూగా ఉంది. మేముండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో పక్కన. శనాదివారాల్లో ఎనిమిదిమంది తెలుగువాళ్ళం తెల్లారకముందే లేచి ఏదో ఒక మునిసిపల్ కోర్సు మీద పడతాం, ఎండ ముదిరేలోగా పద్దెనిమిది హోల్సూ ముగించి ఇంటికొచ్చి ఇడ్లీలు తింటాం. ఏడాదికి నలభై రౌండ్లు అవుతాయనుకోండి. 2022 ఏప్రిల్‌లో మిజునో ప్రో 223 ఫోర్జ్‌డ్ సెట్టు తీసుకున్నాను, అంటే మూడేళ్ళు దాటింది, నూట ఇరవై రౌండ్ల పైనే, ఇక ప్రాక్టీసు రేంజ్‌లో కొట్టిన బంతులకైతే లెక్కే లేదు. కొన్న వారంలోనే రాసి ఉంటే నేనూ "అబ్బ, ఏం ఫీలింగ్" అని రెండు పేరాలు రాసి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పాల్సింది కొంచెం వేరుగా ఉంది, కాస్త పొడుగ్గా కూడా ఉంది.

అంతకుముందు ఏడేళ్ళు వాడింది పోత పోసిన గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్టు, అంటే సరిగ్గా తగలకపోయినా బంతిని కాపాడే రకం. వెడల్పాటి సోల్ (నేలకి ఆనే అడుగు), లావుపాటి టాప్‌లైన్ (పై అంచు), వెనక పెద్ద గొయ్యి, గ్రాఫైట్ షాఫ్టులు (కాడలు). దాని మీద నాకు కంప్లయింటే లేదు, నిజానికి దాని వల్లే వందలోపు స్కోరు చూశాను. పురుగు తొలిచింది ఎప్పుడంటే, మా గ్యాంగులో గుంటూరు అన్న ఒకాయన ఉన్నారు, హ్యాండిక్యాప్ 6, ఒకరోజు రేంజ్‌లో ఆయన 8 ఐరన్ నా చేతికిచ్చి ఒక్కటి కొట్టి చూడమన్నారు. ఎనిమిది బంతులు కొడితే ఏడు ఎటుపోయాయో గుర్తులేదు. ఒకటి మాత్రం ఫేస్ (బంతికి తగిలే ముఖం) మధ్యలో పడింది. చిన్నప్పుడు కార్క్ బాల్‌తో క్రికెట్ ఆడినవాళ్ళకి తెలుస్తుంది, చలికాలం పొద్దున్నే బ్యాటు అంచుకి తగిలితే చేతులు జివ్వుమంటాయి, అదే మధ్యలో తగిలితే అసలు బంతి తగిలిందా లేదా అన్నట్టుంటుంది కానీ బౌండరీ దగ్గర ఎవడో పరిగెడుతుంటాడు. అచ్చం అదే. గోల్ఫర్లంతా దీన్ని వెన్న వెన్న అంటారు, నాకైతే వెన్న ఏమీ గుర్తుకురాలేదు, మా హైస్కూలు గ్రౌండు గుర్తొచ్చింది. అంతే, ఆ ఒక్క షాటుకి 1400 డాలర్లు పోయాయి.

ఇంతకీ ఫోర్జ్‌డ్ అంటే ఏమిటో గోల్ఫ్ ఆడని స్నేహితులు కూడా అడుగుతుంటారు కాబట్టి కాస్త చెప్తాను. పోత ఐరన్ అంటే స్టీలుని కరిగించి మూసలో పోసి తీసింది. ఫోర్జ్‌డ్ అంటే కొలిమి పని. స్టీలు కడ్డీని ఎర్రగా కాల్చి, రెండు అచ్చుల మధ్య పెట్టి, బరువైన సమ్మెట యంత్రంతో కొట్టి ఆకారం తెప్పిస్తారు, అంచుల్లో పొంగిన రేకు కోసేస్తారు, సాన పడతారు, పైన నికెల్ క్రోమ్ పూత వేస్తారు. తెనాలి దగ్గర మా ఊళ్ళో నాన్న నాగలి కర్రు మొద్దుబారితే కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి కాల్చి సాగగొట్టించేవాడు, నేను వెంటపడి వెళ్ళి తిత్తి లాగుతానని పేచీ పెట్టేవాణ్ణి. మిజునో వాళ్ళు హిరోషిమాలో చేసేది మూలంలో అదే పని, కాకపోతే స్టీలులోని రేణువుల వరుస మెడ నుంచి ఫేస్ దాకా తెగకుండా సాగేలా కొడతామని చెప్పి దానికి గ్రెయిన్ ఫ్లో అని పేరు పెట్టుకున్నారు. ఈ 223లో ఇంకో సంగతి ఉంది, సెట్టంతా ఒకే లోహం కాదు. 4 నుంచి 7 దాకా క్రోమోలీ 4120 అనే మిశ్రమ స్టీలు, లోపల చిన్న గాడి, ఫేస్ కాస్త స్ప్రింగులా ఉండడానికి. 8 నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి షాట్లకి వాడేది) దాకా 1025 మెత్తటి కార్బన్ స్టీలు. క్రోమ్ కింద పల్చగా రాగి పూత కూడా ఉంటుంది.

పోత అంటే నాసిరకం, ఫోర్జ్‌డ్ అంటే గొప్ప అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ ఆ బాపతే. అది నిజం కాదు. పింగ్ కంపెనీ పెట్టిన కార్స్టన్ సోల్హైమ్ ఇంజనీరు, బరువుని ఫేస్ అంచులకి పంచితే తప్పు తగిలినా బంతి మరీ దారి తప్పదని పట్టుకుని, పోత ఐరన్లతోనే ఆట రూపం మార్చేశాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ2 పోతదే, దాంతో ప్రొఫెషనల్స్ టోర్నమెంట్లు గెలిచారు. అటువైపు చూస్తే 1997 మాస్టర్స్‌లో టైగర్ వుడ్స్ బ్యాగులో ఉన్నవి మిజునో ఫోర్జ్‌డ్ ఐరన్లు. కాబట్టి ఎవడి వాదనకి కావలసిన ఉదాహరణ వాడికి దొరుకుతుంది. మా గ్యాంగులో ఈ గొడవ ఇడ్లీల దగ్గర మొదలై కాఫీ అయ్యాక కూడా తెగదు.

సరే, కొన్నాను. మా ఆవిడ బిల్లు చూసి ఏమీ అనలేదు, "ఆడలేక మద్దెల ఓడు అన్నారుగా, చూద్దాం కొత్త మద్దెల ఎలా మోగుతుందో" అని మాత్రం అంది. ఆ మాట మూడేళ్ళుగా నా బ్యాగులో పదిహేనో క్లబ్బులా తిరుగుతోంది, రూల్సు ప్రకారం పద్నాలుగే ఉండాలి మరి.

మొదటి రెండు నెలలు మద్దెల అస్సలు మోగలేదు. కారణం ఫోర్జింగూ కాదు, ఫీలూ కాదు, లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం. ఐరన్ నెంబరు పెరిగేకొద్దీ లాఫ్ట్ పెరుగుతుంది, బంతి ఎత్తుగా లేచి తక్కువ దూరం పోతుంది. నా పాత 7 ఐరన్ లాఫ్ట్ 28.5 డిగ్రీలు. కొత్త 7 ఐరన్ 32. పాత సెట్టు చేసినవాళ్ళు 7 అని రాసిందీ, మిజునో వాళ్ళు 6 అని రాసిందీ దాదాపు ఒకటే లాఫ్ట్! కంపెనీలు దూరం అమ్ముకోవడం కోసం ఏళ్ళ తరబడి లాఫ్టులు తగ్గించుకుంటూ వచ్చాయి, నెంబర్లు మాత్రం అవే ఉంచాయి. షాపులో 7 ఐరన్ ఇచ్చి కొట్టమంటారు, అది పాతదాని కన్నా పదిహేను గజాలు ఎక్కువ పోతుంది, మనం ఉబ్బిపోతాం. (గజాలంటే మనవాళ్ళకి ప్లాట్లే గుర్తొస్తాయి, మా గ్యాంగులో "ఇంకా ఎన్ని గజాలున్నాయి" అని ఎవరైనా అడిగితే "రిజిస్ట్రేషన్ అయిందా" అని జవాబు వస్తుంది.) నాది తిరగబడిన కేసు. పాత 7 గాల్లో 160 గజాలు పోయేది, కొత్త 7 కష్టపడితే 150. అందరూ కొత్త క్లబ్బులు కొని దూరం పెంచుకుంటుంటే నేను డబ్బులిచ్చి పది గజాలు పోగొట్టుకున్నాను.

ఇక్కడ అహం అడ్డొచ్చింది. 160 గజాలంటే నాకు ఏడో నెంబరే, ఏళ్ళ అలవాటు. పక్కవాడు 8 తీస్తుంటే నేను 6 తీయడం నామోషీగా అనిపించేది. దాంతో 7 తీసి బలంగా ఊపడం, బంతి కన్నా ముందు నేలకి తగలడం, లేదా బంకర్లో (ఇసక గుంటలో) పడడం. హ్యాండిక్యాప్ 16కి పోయింది ఆ రోజుల్లోనే. ఒకరోజు గుంటూరు అన్న విసిగిపోయి, "సోల్ మీద ఏం రాసుందో నీకెందుకయ్యా, ఆ నెంబరు బంతికి కనిపిస్తుందా" అన్నారు. ఆ రాత్రి కూర్చుని ప్రతి క్లబ్బుకీ గాల్లో పోయే దూరం కాయితం మీద రాసుకుని బ్యాగు జిప్పులో పెట్టుకున్నాను. నెంబరు చూడను, కాయితం చూస్తాను. ఇప్పటికీ ఆ కాయితమే, నూనె మరకలతో సహా.

దూరం పోయినచోట వచ్చిందేమిటి అంటే, గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) మీద బంతి ఆగడం. లాంచ్ మానిటర్ (బంతి ఎలా పోతోందో కొలిచే యంత్రం) మీద నా పాత 7 స్పిన్, అంటే బంతి గిర్రున తిరగడం, నిమిషానికి దాదాపు 4700 చుట్లు ఉండేది, కొత్తది 6000 దగ్గర తిరుగుతుంది. ప్రొఫెషనల్స్‌కి 7000 పైన ఉంటుందని గుర్తుపెట్టుకోండి, అంటే నాది ఏమంత గొప్ప కాదు, కానీ నాకు అది చాలా తేడా. బంతి ఎత్తుగా లేచి నిట్రంగా దిగుతుంది. వేసవిలో ఇక్కడ గ్రీన్లు గచ్చు నేలలా గట్టిపడతాయి, పాత సెట్టుతో గ్రీన్ మధ్యలో పడ్డ బంతి దొర్లుకుంటూ అవతలికి వెళ్ళి పొదల్లో దూరేది, నేనేమో "అదృష్టం లేదు" అనుకునేవాణ్ణి. అది అదృష్టం కాదు, లెక్క. ఇంకోటి, రఫ్ (పొడుగు గడ్డి)లోంచి కొట్టినప్పుడు ఫేస్‌కీ బంతికీ మధ్య గడ్డి ఇరుక్కుంటే స్పిన్ పడిపోయి బంతి ఎక్కడికో ఎగిరిపోతుంది చూడండి, పాతవాటితో అలా ఇరవై గజాలు ఎక్కువ పోయిన షాట్లు రౌండుకి రెండైనా ఉండేవి. ఇప్పుడూ పోతాయి, కానీ తక్కువ. నన్నడిగితే ఈ సెట్టుకి ఇచ్చిన డబ్బు ఫీల్‌కి కాదు, దీనికి. ఇదేమో ఫోర్జింగ్ వల్ల వచ్చింది కాదు, అదే లాఫ్ట్ ఉన్న పోత ఐరన్ కొన్నా వచ్చేదే. ఆ సంగతి అర్థమవడానికి నాకు ఏడాది పట్టింది.

లాఫ్టుల గురించి ఇంకొక్క ముక్క. పాత సెట్టులో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, దాని తర్వాత నా దగ్గరున్నది 56 డిగ్రీల శాండ్ వెడ్జ్. మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. 80 నుంచి 120 గజాల దాకా ఏది వచ్చినా అరస్వింగు, ముప్పావు స్వింగు, దేవుడి మీద భారం. ఇప్పుడు 46, 50, 56 అని మెట్లు మెట్లుగా ఉన్నాయి. మీరు కొత్త సెట్టు కొన్నా కొనకపోయినా మీ పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ ఎంతో ఈ రోజే కనుక్కోండి, ఆ ఖాళీ నింపే యాభై అరవై డాలర్ల సెకండ్‌హ్యాండ్ గ్యాప్ వెడ్జ్ ఒకటి స్కోరులో తెచ్చే తేడా ముందు 1400 డాలర్ల ఫోర్జింగ్ దిగదుడుపే.

తర్వాత లై యాంగిల్ (క్లబ్బు నేల మీద పెడితే షాఫ్టు వాలే కోణం) కథ. నేను ఐరన్లు ఆర్డరు ఇచ్చిన షాపు పేరు అనవసరం. అక్కడ కుర్రాడు నా ఎత్తూ, మణికట్టు నుంచి నేల దాకా దూరమూ టేపుతో కొలిచి, మ్యాటు మీద నాలుగు బంతులు కొట్టించి, రెండు డిగ్రీలు అప్‌రైట్ (ఎక్కువ నిటారు) అని రాసేశాడు. నేను తలూపాను. మొదటి వేసవంతా బంతి ఎడమకే పోయింది. స్వింగు తప్పనుకుని వీడియోలు చూశాను, గ్రిప్ మార్చాను, ఒక పాఠానికి 90 డాలర్లు కట్టాను. ఆ పాఠం చెప్పినాయనే నా 7 ఐరన్ సోల్‌కి టేపు అంటించి బోర్డు మీద కొట్టించారు, మచ్చ మొత్తం హీల్ (షాఫ్టు దగ్గరి చివర) వైపు పడింది, అంటే టో (అవతలి చివర) గాల్లో ఉంటోంది, అలా ఉంటే బంతి ఎడమకి కాక ఎటు పోతుంది! ఇంకో చోట బెండింగ్ బార్‌తో ఒకటిన్నర డిగ్రీ వెనక్కి వంచారు, క్లబ్బుకి ఐదు డాలర్లు తీసుకున్నారు. 150 గజాల దగ్గర ఆరేడు గజాలు కుడికి జరిగింది బంతి, నేను ఏమీ మార్చకుండానే. ఫోర్జ్‌డ్‌లో నాకు తెలిసిన అసలైన, వాదన అక్కర్లేని లాభం ఇదే: స్టీలు మెత్తన, వంచితే వంగుతుంది, పోతవాటిలో కొన్ని రకాలు వంచబోతే విరుగుతాయని షాపువాళ్ళే ముట్టుకోరు. కానీ వంగే గుణం ఉన్నది వాడకంలో కూడా వంగుతుంది కదా. మ్యాట్ల మీదా గట్టి నేల మీదా కొట్టీ కొట్టీ ఏడాదికి అర డిగ్రీ, ఒక డిగ్రీ జరుగుతోంది, నావి రెండుసార్లు సరిచేయించాల్సి వచ్చింది. ప్రతి మార్చిలో చెక్ చేయించుకోవడం అలవాటు చేసుకున్నాను, కారు ఆయిల్ మార్చినట్టే.

ఇప్పుడు అందరూ అడిగే ఫీల్ సంగతి. ఉంది. లేదని చెప్పను. మధ్యలో తగిలిన షాటుకి చేతుల్లోకి వచ్చే ఆ మెత్తదనం మూడేళ్ళయినా విసుగు పుట్టలేదు. కాకపోతే ఒకరోజు రేంజ్‌లో చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, బయటి శబ్దం వినపడకుండా చేసి, పాత 8, కొత్త 8 మార్చి మార్చి కొట్టాను. తేడా సగానికి పైగా మాయమైంది! పాతదాని "క్లాక్" వినపడక అది కూడా పరవాలేదనిపించింది, కొత్తదాని "తుప్" వినపడక ఇదీ మామూలుగానే అనిపించింది. మనం చేతికి తెలుస్తోంది అనుకునేదాంట్లో చాలావరకు చెవి చెప్పే మాటే. అందుకే ఈ కంపెనీలన్నీ శబ్దం ఎలా రావాలో కూర్చుని ట్యూన్ చేస్తాయి. నాకు 7 ఐరన్‌కీ 8 ఐరన్‌కీ మోతలో తేడా తెలుస్తుంది, 7 కొంచెం గట్టిగా, 8 ముద్దగా, లోహం మారింది కదా. సెట్టు కొన్న ఏడాదికి గానీ ఇది గమనించలేదు, గమనించాక ఇక వినపడకుండా ఉండదు.

మిస్సయిన షాట్లలో అసలు రంగు బయటపడుతుంది. పాత సెట్టుతో టో వైపు అంగుళం పక్కకి తగిలినా చేతికి పెద్దగా తెలిసేది కాదు, బంతి ఎనిమిది పది గజాలు తక్కువ పోయేది, గ్రీన్ ముందు అంచులో పడేది. ఇప్పుడు అదే షాటు పదిహేను పైన తగ్గుతుంది, చేతికి మాత్రం ఎక్కడ తగిలిందో రసీదు రాసిచ్చినట్టు తెలుస్తుంది. మేం తరచూ ఆడే ఒక కోర్సులో నీటి మీదుగా కొట్టే పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) ఉంది, 145 గజాలు, నీళ్ళు దాటాలంటే 132 పోవాలి. పాత సెట్టుతో అక్కడ భయమే ఉండేది కాదు. ఈ మూడేళ్ళలో ఎన్ని బంతులు ఆ చెరువుకి సమర్పించుకున్నానో మా గ్యాంగు లెక్కపెడుతోంది, నేను పెట్టను. ఎక్కడ తగిలిందో తెలియడం వల్ల ఆట బాగుపడుతుంది అంటారే, అది నిజమే కానీ రేంజ్‌కి వెళ్ళి సాధన చేసేవాళ్ళకి. వారానికి ఒక్క రౌండు ఆడి క్లబ్బులు కారు డిక్కీలోనే ఉంచేసేవాళ్ళకి ఆ సమాచారం దేనికి? బాధ తప్ప.

మోచేయి. ఇది ఎవరూ చెప్పరు. గ్రాఫైట్ నుంచి స్టీలుకి మారాను, నిప్పన్ మోడస్ 105 స్టిఫ్. షాఫ్టు మంచిదే, బంతి ఇదివరకటంత చెల్లాచెదురుగా పోవడం లేదు. కానీ మొదటి చలికాలం కాంక్రీటు మీద పరిచిన పల్చటి మ్యాట్ల మీద రోజుకి వంద బంతులు కొట్టాను, కొత్త మోజు. ఫిబ్రవరికల్లా కుడి మోచేయి లోపలివైపు నొప్పి, కాఫీ కప్పు ఎత్తితే కలుక్కుమనేది. ఫిజియోథెరపీ ఆరు వారాలు. తప్పు స్టీలుది కాదు, మ్యాటుదీ నా అత్యాశదీ. ఇప్పుడు గడ్డి ఉన్న రేంజ్‌కే వెళ్తాను, యాభై బంతులతో ఆపేస్తాను. నలభై దాటినవాళ్ళు గ్రాఫైట్ అంటే ముసలివాళ్ళ షాఫ్టు అనుకోకండి, ఇప్పుడు బరువైన గ్రాఫైట్లు కూడా దొరుకుతున్నాయి.

మా గ్యాంగులో నన్ను చూసి మారినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. కరీంనగర్ తమ్ముడు ఒకడున్నాడు, హ్యాండిక్యాప్ 24, ఆట కన్నా సామాన్లంటే ప్రేమ. నా సెట్టు చూసిన నెలలోపే అదే మోడల్ సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చేశాడు. ఐదు నెలలు ఓపిక పట్టాడు. ఒక ఆదివారం తొమ్మిదో హోల్ దగ్గర బ్యాగు కింద పెట్టి, "అన్నా, బాల్ ఎటు పోతదో నాకే తెలుస్తలేదు, గీ సెట్టు నాకొద్దు" అని, ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో పెట్టి 300 డాలర్ల నష్టానికి అమ్మేశాడు. మళ్ళీ వెడల్పాటి సోల్ ఉన్న పోత సెట్టు తీసుకున్నాడు, ఇప్పుడు 19. నాకన్నా వాడి హ్యాండిక్యాపే ఎక్కువ దిగింది, ఆ ముక్క వాడు ప్రతి రౌండులో ఒకసారి గుర్తుచేస్తాడు.

ఇంకొకరు విజయవాడ బాబాయ్ గారు, అరవై దాటాయి, రిటైరయ్యి పిల్లల దగ్గరికి వచ్చారు, వయసులో ఉన్నప్పుడు ఇండియాలో పల్చటి బ్లేడ్లతో (వెనక గొయ్యి లేని ఐరన్లతో) ఆడినాయన. ఆయన నాకు తెరిపించిన కన్ను ఏమిటంటే, ఫోర్జ్‌డ్ అంటే బ్లేడు అని అర్థం కాదు. ఆయన తీసుకున్నవి కూడా ఫోర్జ్‌డే, కానీ సోల్ వెడల్పు, ఆఫ్‌సెట్ (షాఫ్టు కన్నా ఫేస్ వెనక్కి ఉండడం) ఎక్కువ, తేలికపాటి గ్రాఫైట్. ఫోర్జింగ్ అనేది తయారుచేసే పద్ధతి, క్షమించే గుణం ఆకారంలో ఉంటుంది. ఈ రెండూ కలిపేసి మాట్లాడతాం కాబట్టే సగం మంది తప్పు సెట్టు కొంటారు. బాబాయ్ గారు నా 223 చేతిలోకి తీసుకుని టాప్‌లైన్ చూసి, "అందంగా ఉందిరా, కానీ అందం నాకెందుకు ఇప్పుడు" అని తిరిగిచ్చేశారు.

నేల సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ మీకు సగమే పనికొస్తుంది. ఉత్తర టెక్సాస్ నేల మన నల్లరేగడికి సొంత తమ్ముడు. వాన పడితే బంక, ఎండితే నెర్రెలు. 223 సోల్ మరీ వెడల్పు కాదు, తడి నేలలో బంతికి రెండు అంగుళాల వెనక దిగితే గునపంలా దిగబడిపోతుంది, పాత సెట్టు అయితే జారుకుంటూ పోయి ఎలాగో బంతిని తోసేది. వేసవిలో, ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) గట్టిగా ఉన్నప్పుడు, ఇదే సన్నటి సోల్ బంతి కిందకి శుభ్రంగా వెళ్తుంది. చలికాలంలో బెర్ముడా గడ్డి ఎండుగడ్డి రంగుకి తిరిగి నిద్రపోతుంది, బంతి నేలకి అతుక్కున్నట్టు ఉంటుంది, అప్పుడు ఈ సెట్టుతో ఆడడం పరీక్షే. ఈస్టు కోస్టులో మెత్తటి పచ్చగడ్డి మీద ఆడేవాళ్ళ అనుభవం నాలాగా ఉండకపోవచ్చు.

2023 డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు సెట్టు వెంట తీసుకెళ్ళాను. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో ఉన్న కోర్సులో ఒక పరిచయస్తుడి ద్వారా ఆడాను. కోట గోడ పక్కనే బంతి కొడుతుంటే కలిగే గమ్మత్తు ఎన్ని డాలర్లు పోసినా ఇక్కడ దొరకదు. అక్కడ కేడీ (క్లబ్బుల బ్యాగు మోసే మనిషి) ఉంటాడు, ఇక్కడ మునిసిపల్ కోర్సుల్లో మన బండి మనమే తోసుకోవాలి. నాకు వచ్చిన కేడీ పాతికేళ్ళ కుర్రాడు, మొదటి మూడు హోల్స్ ఏమీ మాట్లాడలేదు, క్లబ్బులు తుడుస్తూ మాత్రం ఉన్నాడు. నాలుగో హోల్లో నా 7 ఐరన్ నా మొహం ముందు పెట్టి, "సార్, మచ్చ సూడుండ్రి, అంతా హీల్ దిక్కే ఉంది. మీరు బాల్‌కి మస్తు దగ్గర నిలబడుతుండ్రు" అన్నాడు. చూస్తే నిజమే, క్రోమ్ మీద అరిగిన మచ్చ మధ్యలో లేదు, చిటికెన వేలి గోరంత హీల్ వైపు జరిగి ఉంది. ఏడాదిన్నరగా రోజూ తుడుస్తున్న క్లబ్బు, నాకు కనపడలేదు. ఒక అడుగు కూడా కాదు, నాలుగు వేళ్ళు వెనక్కి జరిగాను, ఆ రోజు కొట్టినంత శుభ్రంగా ఐరన్లు ఎప్పుడూ కొట్టలేదు. 16 నుంచి 12కి దిగడం అక్కడ మొదలైంది. మూడు గంటల పనికి అడిగినదానికి మూడింతలు ఇచ్చి దండం పెట్టి వచ్చాను.

అదే రౌండులో అదే కుర్రాడి మాట వినక క్లబ్బుని గాయపరిచాను కూడా. బంతి రాళ్ళ పక్కన గడ్డిలో పడింది, "కింద రాయుంది సార్, పక్కకి తీసుకోండ్రి" అన్నాడు, పెనాల్టీ ఎందుకులే అని 9 ఐరన్‌తో కొట్టాను. ఖణేల్మంది. సోల్ మీద శనగగింజంత నొక్కు పడింది, క్రోమ్ లేచిపోయి అంచున రాగి రంగు కనిపించింది, రెండు నెలలకి మధ్యలో తుప్పు మచ్చ. మెత్తటి కార్బన్ స్టీలు స్టెయిన్‌లెస్ కాదు, పూత పోయినచోట తుప్పు పడుతుంది, అంతే. ఆట మీద దాని ప్రభావం ఏమీ లేదు, తడి గుడ్డతో తుడిచాక పొడి గుడ్డతో కూడా తుడుస్తున్నాను. బ్యాగులో ఒకదానికొకటి తగిలి పడే గీతలు, చిన్న చిన్న నొక్కులు లెక్కలేనన్ని. ఐరన్లకి కవర్లు తొడిగేవాళ్ళుంటారు, ప్రతి షాటుకీ సాక్సు విప్పి తొడిగినట్టు, వాళ్ళ వెనక గ్రూపులో ఆడడం నరకం. గీతలు పడనివ్వండి. గ్రిప్పులు రెండుసార్లు మార్చాను, ఈ ఎండలకీ చెమటకీ ఏడాదిన్నరకి రాయిలా అవుతాయి. షార్ట్ ఐరన్ల (పెద్ద నెంబరువి) ఫేస్ మీది గాడులు కాస్త అరిగాయి, 9లో కనిపిస్తోంది, ఇంకో రెండేళ్ళు లాగుతాయనే అనుకుంటున్నా.

మళ్ళీ కొంటానా అని అడిగితే, కొంటాను, కానీ ఇలా కాదు. హ్యాండిక్యాప్ 15 లోపు ఉండి వారానికి ఒక్కసారైనా సాధన చేసేవాళ్ళు నిస్సంకోచంగా చూడొచ్చు. అంతకు పైన ఉన్నవాళ్ళు బాబాయ్ గారి దారి పట్టండి, లేదా ఉన్న సెట్టుకి లై చెక్ చేయించి, గ్యాప్ వెడ్జ్ కొనుక్కుని, మిగిలిన డబ్బుతో పాఠాలు చెప్పించుకోండి. కొత్తది కొనే బదులు రెండేళ్ళ పాతది కొంటే దాదాపు సగం ధరకి వస్తుంది, వంచి సరిచేసుకోవచ్చు కాబట్టి వేరేవాడి కొలతలని భయపడనక్కర్లేదు. అన్నింటికన్నా ముఖ్యంగా, సెట్టు మొత్తం ఒకే మోడల్ తీసుకోకండి. లాంగ్ ఐరన్లు (చిన్న నెంబరువి) అదే వరుసలో ఇంకాస్త క్షమించే రకం కలిపి తీసుకునే వీలుంది, నాకు షాపులో చెప్పారు కూడా, బ్యాగులో అన్నీ ఒకేలా కనిపించాలని నేనే వద్దన్నాను. 5 ఐరన్ ఏదో పదిలో నాలుగుసార్లు తగులుతోంది. 4 ఐరన్ మాత్రం మొదటి ఏడాదే బ్యాగులోంచి తీసేసి హైబ్రిడ్ (లాంగ్ ఐరన్ బదులు వాడే, కొట్టడానికి తేలికైన క్లబ్బు) పెట్టాను, గరాజులో గోడకి ఆనించి ఉంది, ఫేస్ మీద ఒక్క మచ్చ కూడా లేదు, మొత్తం మీద ముప్పైసార్లు కూడా ఊపి ఉండను. డాలస్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను, లై మాత్రం ఇంకా రెండు డిగ్రీలు అప్‌రైటే, వంచించలేదు.